ఉడకని సున్నం

పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిన అప్పలసూరికి చెరువులో చేపలు కనిపించాయి. ఆ వేళప్పుడు అవి కనిపించకూడదు. చేపలన్నాక అడుగున ఉండాలి, పిలిస్తే పైకి రావాలి. ఇవి పిలవకుండానే పైకొచ్చి, తలలు బయటపెట్టి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి గున్నమ్మ దుర్గ్ ఆసుపత్రి నుంచి వచ్చేస్తుంది. వచ్చీ రాగానే, చెప్పులైనా విప్పకముందే, ఆవిడ అడిగేది మొగుడి క్షేమం కాదు. ఈ చేపల క్షేమం.

చెరువంటే మరీ పెద్దదేమీ కాదు. భిలాయిలోని వైశాలి నగర్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు పునాది నింపడానికి పెరట్లోంచే ఎర్ర మొరం తవ్వించారు. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, నడుము దాటిన లోతుతో ఒక గొయ్యి మిగిలింది. దాన్ని పూడ్చేసి అద్దెకో గది వేద్దామని అప్పలసూరి ఆలోచన. గున్నమ్మ వద్దంది. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఉక్కు ప్లాంటువాళ్ళ సెక్టర్ 4 క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ సున్నం కొట్టుకుపోయిన అతని బట్టలు విడిగా నానబెట్టి, విడిగా ఉతికి, ఆ పగిలిన వేళ్ళతోనే అన్నం కలుపుకుని తిన్న మనిషి, ఏనాడూ నాకిది కావాలి అనలేదు. ఆ గొయ్యి మాత్రం కావాలంది. మొదటి వానలకే అది నిండింది. బొచ్చె చేపపిల్లల్నీ శీలావతి పిల్లల్నీ తెప్పించి వదిలింది. ఆవిడ పుట్టింది శ్రీకాకుళం దగ్గర ఒక చెరువుగట్టు మీది ఇంట్లో. భిలాయి వచ్చాక ఇన్నేళ్ళూ కుళాయి నీళ్ళు తప్ప చూడలేదు.

రోజూ సాయంత్రం పెరటి మెట్టు మీద కూర్చుని స్టీలు పళ్ళాన్ని గరిటెతో మూడుసార్లు కొడుతుంది. చేపలు వచ్చి తవుడు తింటాయి. ఏడాదిగా రెండు కళ్ళకూ పొరలు కమ్మి, చేపలు కనబడడం మానేశాయి. అయినా వినబడుతున్నాయి కదా అంటుంది. కుడి కంటికి నిన్న ఆపరేషన్ అయింది, రెండు రోజులు కట్టు తియ్యకూడదట. ఎడమ కంటికి నీడలు తప్ప ఏమీ తెలియవు, దాని వంతు వచ్చే నెల. నెల రోజులు వంగకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, దుమ్ములో తిరగకూడదు అన్నాడు డాక్టరు. "నెల్లాళ్ళు నానేటి చేస్తాను మరి?" అని ఆవిడే అడిగింది. అడిగి ఆవిడే జవాబు చెప్పుకుంది. "చేపల కాడ కూకుంటాను. చప్పుడు ఇంటాను."

ఆ చప్పుడు ఈ సాయంత్రానికి మిగులుతుందా అన్నదే ఇప్పుడు అప్పలసూరి బెంగ. తప్పు తనదే. ఈ ఏడు వానలు విడవకుండా పడి, పక్కింటి నేరేడు ఆకులన్నీ చెరువులో రాలి కుళ్ళి, నీళ్ళు డికాక్షన్ రంగుకు తిరిగాయి. చేపలు తిండి తగ్గించాయి. గున్నమ్మ ఊరుకోకుండా చేపల శాఖలో పనిచేసే మణిమాల అనే అమ్మాయిని పిలిపించింది. ఆ అమ్మాయి నీళ్ళలో కాగితం ముక్క ముంచి చూసి, నీళ్ళు పుల్లబడ్డాయి ఆంటీ, ఆకులు తీయించేసి పొలాలకు చల్లే సున్నం ఒక నాలుగు కిలోలు వెయ్యండి అని చెప్పింది. చిన్న బస్తా కూడా తనే పంపింది. ఆసుపత్రికి బయల్దేరే ముందు గున్నమ్మ ఆ బస్తా మీద చెయ్యి వేసి మరీ అప్పగించింది.

"ఇందులో పొడే ఎయ్యి మావా. నాలుగు కేజీలు. నీ తెలివితేటలేటీ పెట్టకు."

"సున్నం గురించి నాకు నువ్వు చెప్తావేటే?"

"సున్నం గురించి కాదు. చేపల గురించి చెప్తన్నాను."

అప్పలసూరి నవ్వేశాడు. అతని నవ్వుకూ కారణం ఉంది. పంతొమ్మిదో ఏట మేనమామ వెనక రైలెక్కి వచ్చి, పదేళ్ళు ఠేకేదారు అనే కాంట్రాక్టరు కింద తట్టలు మోసి, ఆ తర్వాత ముప్పయ్యొక్క ఏళ్ళు ఉక్కు ప్లాంటులో సున్నపు బట్టీ దగ్గరే చేసి రిటైరైనవాడు. షిఫ్టులో అందరికీ చూనా దాదా, అంటే సున్నం పెద్దన్న. బట్టీలోంచి వచ్చిన గడ్డను రెండుసార్లు ఎగరేసి పట్టుకున్నాడంటే లోపల పచ్చిగా ఉందో లేదో చెప్పేసేవాడు. సరిగ్గా కాలింది తేలిగ్గా ఉంటుంది, గోటితో కొడితే కుండ పెంకులా మోగుతుంది. పచ్చిరాయి బరువు, మూగది. అది గనక ఉక్కు కరిగేచోటికి పోయిందా, వేడంతా తినేసి పని మాత్రం చెయ్యదు. అందుకని అప్పలసూరి లెక్కలో లోకంలో వస్తువులు రెండే రకాలు, కాలినవీ కాలనివీ. మనుషుల్నీ ఆ లెక్కే వేస్తాడు. కూతురు రోహిణి పాఠం చెప్పే బడికి కొత్త హెడ్మాస్టరు వస్తే, ఆయన ఎదురుగానే "ఇంకా పచ్చిగా ఉన్నాడమ్మా" అనేసి, ఆ పిల్ల చేత నెల రోజులు చీవాట్లు తిన్నాడు.

మొన్నటికి ఆకులైతే తీశాడు. బస్తా మాత్రం విప్పలేదు. సున్నమే కదా, చిటికెలో పని అనుకున్నాడు. ఇప్పుడు చేపలు అలా నోళ్ళు వెళ్ళబెడుతుంటే వేపపుల్ల అవతల పారేసి, బస్తా మూతి కోశాడు. లోపల బూడిద రంగు కలిసిన తెల్లటి పొడి. గుప్పెడు తీసి చూస్తే బరువుగా తగిలింది. అక్కడే అతనికి అనుమానం పుట్టింది. స్టీలు గ్లాసులో కాస్త పొడి వేసి నీళ్ళు పోశాడు. సిసలైన సున్నమైతే సలసల ఉడకాలి, ఆవిరి లేవాలి, గ్లాసు పట్టుకుంటే చెయ్యి చుర్రుమనాలి. ఇక్కడ అదేమీ జరగలేదు. పొడి బుద్ధిగా అడుక్కి దిగి కూర్చుంది. అయిదు నిమిషాలు చూశాడు, పది నిమిషాలు చూశాడు. గ్లాసు చల్లగానే ఉంది.

"చచ్చిన సున్నం. రాయి నూరి పంపించినారు," అన్నాడు పైకే, వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా.

అన్న మాటలో అబద్ధం లేదు. అది నూరిన రాయే. చేపల చెరువుకు వెయ్యవలసిందీ నూరిన పచ్చిరాయే. పొలాలకు చల్లేదీ అదే. అది నెమ్మదిగా కరుగుతుంది, నీళ్ళ పులుపును నెమ్మదిగా విరుస్తుంది, చేపకు హాని చెయ్యదు. లోకంలో మామూలు మనిషెవడైనా బస్తా విప్పి చల్లేసి చెయ్యి కడుక్కునేవాడు. గ్లాసులో వేసి ఉడుకుతుందా లేదా అని పరీక్ష పెట్టే బుద్ధి బట్టీ మనిషికి తప్ప పుట్టదు. ఆ బుద్ధే ఆ రోజు అతని కొంప ముంచింది.

అప్పలసూరి మళ్ళీ చేపల వైపు చూశాడు. పాపం ఆ పిల్ల మణిమాలను ఎవరో మోసం చేశారు, ఇప్పుడు ఆమెకు ఫోన్ చేసి, ఆమె ఇంకో బస్తా పంపేసరికి పుణ్యకాలం దాటిపోతుంది అనుకున్నాడు. సైకిలు తీసి సుపేలా బజారుకి పరిగెత్తాడు.

దుకాణంలో కాలిన సున్నం గడ్డలు గోనెసంచిలో ఉన్నాయి. "పుతాయీ కరానీ హై దాదా?" అన్నాడు దుకాణం అతను, గోడలకు వెల్ల వేయించుకోవడానికి అనుకుని. అప్పలసూరి జవాబు చెప్పకుండా సంచి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్క గడ్డే తీసి ఎగరేశాడు, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మూగవాటిని పక్కకు తోసి, మోగేవాటినే ఏరుకున్నాడు. దుకాణం అతను తక్కెడ పట్టుకుని వింతగా చూస్తూ నిలబడ్డాడు. రిటైరైన ఈ నాలుగేళ్ళలో అప్పలసూరికి తన చేతులతో ఒక పని తెలిసినట్టు అనిపించింది ఆ పావుగంటే.

ఇంటికొచ్చి రెండు ఇనప బకెట్లలో చెరి రెండు కిలోలూ వేసి నీళ్ళు పోశాడు. అలా ఉడికింది సున్నం. బుసబుసమని పొంగి, ఆవిరి కళ్ళలోకి కొట్టింది. కాస్త చల్లారాక మొదటి బకెట్ ఎత్తి, మెట్టు వైపు గట్టు పొడవునా చెంబుతో చల్లుకుంటూ పోయాడు. పాలు ఒలకబోసినట్టు తెల్లటి మేఘం నీళ్ళలో పరుచుకుంది. అప్పటికి పదకొండు దాటింది.

చేపలన్నీ అవతలి మూలకు, నేరేడు కొమ్మ వంగిన చోటికి పోయాయి. బెదిరాయి, అంతే, అని సర్దిచెప్పుకున్నాడు. కాని పోయినవి తిరిగి రాలేదు. ఒకదానిమీద ఒకటి పడుతూ, తలలన్నీ ఒక్కచోట చేర్చి, నీళ్ళలోంచి బయటికి ఎగబడుతున్నాయి. ఒక శీలావతి పక్కకి ఒరిగి, పొట్ట తెల్లగా చూపించి, మళ్ళీ సర్దుకుంది. సున్నం చాలలేదేమో, అటువైపు ఇంకా అందలేదేమో అనుకుని రెండో బకెట్ ఎత్తాడు. ఎత్తి, గట్టు మీద రెండడుగులు వేసి ఆగిపోయాడు.

ఆపింది భయం కాదు, అలవాటు. బట్టీ దగ్గర ఒక పద్ధతి ఉంది. సగం మాలు దించాక శాంపిల్ లేబరేటరీకి పోవాలి, రిపోర్టు రావాలి, అప్పుడే మిగతా సగం ముట్టుకోవాలి. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా అప్పలసూరి ఆ కట్టు తప్పలేదు. ఇప్పుడు ఏ ఇంజనీరూ చూడ్డం లేదు గనక తప్పొచ్చా అంటే, చెయ్యి ఒప్పుకోలేదు. బకెట్ దించేశాడు. మంచినీళ్ళ సీసాలో చెరువు నీళ్ళు పట్టి మళ్ళీ సైకిలెక్కాడు.

ప్లాంటు లేబరేటరీలో కెమిస్టుగా చేసి రిటైరైన సురేంద్రనాథ్ రెండు వీధుల అవతల ఉంటాడు. ఇప్పుడు పదో తరగతి పిల్లలకు సైన్సు ట్యూషన్లు చెబుతున్నాడు. వరండాలో పేపరు చదువుకుంటున్న ఆయన ముందుకు అప్పలసూరి సీసా చాచాడు.

"శాంపిల్, సార్."

సురేంద్రనాథ్ కళ్ళజోడు పైనుంచి చూసి నవ్వాడు. "ఏ షిఫ్టుది సూరీ?"

"తొందరగా చూడండి బాబూ. గులాబీ మందు ఉన్నాది కదా తమరి కాడ."

ఆ మందు పేరు నోరు తిరగనంత పెద్దది. లేబరేటరీలో సున్నపు నీళ్ళలో రెండు చుక్కలు వేస్తే గులాబీ రంగు వచ్చేది. ఎంత చిక్కని గులాబీ అయితే బట్టీవాళ్ళకు అంత సంబరం. సురేంద్రనాథ్ లోపలికి వెళ్ళి పిల్లలకు చూపించే పరీక్షనాళికా, చిన్న సీసా తెచ్చాడు. చెరువు నీళ్ళు కాస్త పోసి రెండు చుక్కలు వదిలాడు. నీళ్ళు ఒక్కసారిగా పెళ్ళిపందిట్లో ఇచ్చే షర్బత్ రంగుకు తిరిగాయి.

"ఫస్ట్ క్లాస్," అన్నాడు అప్పలసూరి. ఊపిరి తిరిగినట్టయింది.

"ఎక్కడి నీళ్ళివి?"

"మా చెరువువే సార్. గున్నమ్మ చేపలవి."

సురేంద్రనాథ్ నాళికను బల్ల మీద పెట్టేశాడు. "అందులో చేపలున్నాయా? ఇప్పుడు ఉన్నాయా?"

"ఉన్నాయి సార్. అందుకే కదా సున్నం..."

"ఏ సున్నం వేశావు?"

అప్పలసూరి చెప్పాడు. బస్తా సంగతి, గ్లాసులో పరీక్ష, సుపేలాలో ఏరుకున్న గడ్డలు, అన్నీ చెప్పాడు. చెబుతుండగానే, ఎదుటి మనిషి ముఖం మారుతుండగానే, సగం అర్థమైపోయింది.

"కాలిన సున్నం నీ చేతి చర్మాన్నే తినేసింది ఇన్నేళ్ళూ. చేప మొప్పల్ని వదుల్తుందా?" అన్నాడు సురేంద్రనాథ్, అప్పటికే స్కూటర్ తాళాలు వెతుకుతూ.

"ఆ పొడి ఉడకనేదు సార్."

"ఉడక్కూడదనే దాన్ని పంపించారు."

ఆ మాట అప్పలసూరి చెంప మీద కొట్టినట్టు తగిలింది. గున్నమ్మ చెప్పిందీ ఇదే. బస్తా మీద చెయ్యి వేసి మరీ చెప్పింది.

వాళ్ళు వచ్చేసరికి మూడు చేపలు తేలిపోయి ఉన్నాయి. బోరు మోటారు వేశారు. పైపు తీసుకెళ్ళి నీళ్ళలో ముంచబోతే సురేంద్రనాథ్ అరిచాడు, ముంచకు, ఎత్తున పట్టుకో, నీళ్ళు గాలి తగులుతూ పడాలి అని. పైపును నేరేడు కొమ్మకు కట్టి, చేపలున్న మూల మీదనే ధార పడేట్టు చేశారు. మెట్టు వైపు గట్టుకు గునపంతో గండి కొట్టి తెల్లనీళ్ళను అరటి పాదుల్లోకి వదిలారు.

"చింతపండు రసం పోస్తే ఇరుగుతాదేటి సార్?" అన్నాడు అప్పలసూరి ఆదుర్దాలో.

"చారు కాస్తావా? ఇవాళ్టికి నీ వైద్యం చాలు. చేపల్ని తియ్యి."

ఇంట్లో ఉన్న టబ్బులూ, రెండు ప్లాస్టిక్ డ్రమ్ములూ వరుసగా పెట్టి బోరు నీళ్ళతో నింపారు. అప్పలసూరి లుంగీ ఎగగట్టి, గున్నమ్మ చిన్న వల పట్టుకుని చెరువులోకి దిగాడు. నడుము దాకా నీళ్ళు. పాత పగుళ్ళలోకి సున్నం దిగి వేళ్ళు భగభగ మండాయి. ఒక్కొక్క చేపనే పట్టి, రెండు చేతులా ఎత్తి, గట్టు మీద నిలబడ్డ సురేంద్రనాథ్‌కు అందించాడు. కొన్ని చేతుల్లోంచి జారి పడ్డాయి. కొన్ని జారే ఓపిక కూడా లేక చేతుల్లో ఊరికే పడుకున్నాయి. వాటిని చూస్తేనే అతనికి ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా, మొహం మీద నీళ్ళున్నాయి గనక సిగ్గుపడకుండా.

మధ్యాహ్నం ఒంటిగంటకు గట్టు మీద ఫోను మోగింది. తల్లికి తోడుగా ఆసుపత్రిలో ఉన్న రోహిణి.

"నాన్నా, అమ్మకి ఛుట్టీ జల్దీ ఇచ్చేస్తున్నారు, ఇంటికి పంపించేస్తున్నారు. మూడింటికల్లా వచ్చేస్తాం. అమ్మ అడుగుతోంది, చెరువులో వేశావా అని."

"ఏసినాను," అన్నాడు అప్పలసూరి. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

"మచ్లీలు బాగున్నాయా అంటోంది."

అప్పలసూరి డ్రమ్ముల వైపు చూశాడు. "ఆటోలో మెల్లగా రమ్మని చెప్పు. గతుకుల్లో కంటికి అదురు తగల్తాది," అని పెట్టేశాడు.

రెండున్నరకు లెక్క ఇది. తొమ్మిది చచ్చాయి. వాటిని జామచెట్టు కింద పాతిపెట్టాడు. ఇరవయ్యారు డ్రమ్ముల్లో ఉన్నాయి. మిగతావి చెరువు అడుగున ఎక్కడున్నాయో తెలియదు. అన్నిటికంటే ముందు పళ్ళెం చప్పుడుకు వచ్చే పెద్ద బొచ్చె జాడ లేదు. ఎన్నిసార్లు వల తిప్పినా తగల్లేదు. సురేంద్రనాథ్ మళ్ళీ రెండు చుక్కలు వేసి చూశాడు. గులాబీ పలచబడింది గాని పోలేదు.

"మోటారు ఆపకు. బతికున్నవి కూడా రెండు మూడు రోజులు తిండికి రావు, ఆశపడకు," అన్నాడు వెళ్తూ వెళ్తూ. గేటు దగ్గర ఆగి ఇంకో మాట అన్నాడు. "ఆవిడకు నువ్వే చెప్పు సూరీ. ఇవాళే చెప్పు."

చెప్పాలనే అనుకున్నాడు. గేటు దగ్గర ఆటో ఆగేదాకా అదే అనుకున్నాడు. ఆ మాటలన్నీ వరసగా పేర్చుకుని కూడా ఉన్నాడు. గున్నమ్మ కంటికి కట్టుతో, రోహిణి భుజం పట్టుకుని దిగింది. ముఖంలో అలసట లేదు. చిన్నపిల్ల ఊరి నుంచి వచ్చినట్టుగా ఉంది. "ముందు పెరట్లోకి తీసుకెళ్ళు మావా. పళ్ళెం తే," అంది. అప్పలసూరి పేర్చుకున్న మాటలన్నీ కూలిపోయాయి.

మెట్టు మీద కూర్చోబెట్టాడు. రోహిణి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. గున్నమ్మ చెవి ఒగ్గి, "మోటారెందుకేసినావు?" అంది.

"వానలు ఆగిపోయినాయి కదా. కొత్తనీళ్ళు."

ఆవిడ పళ్ళాన్ని మూడుసార్లు కొట్టింది. తవుడు చల్లింది. ఏ చప్పుడూ లేదు. పైపులోంచి నీళ్ళు పడే చప్పుడే. మళ్ళీ మూడుసార్లు కొట్టింది. ఆవిడ మొహంలో వెలుగు కొంచెం కొంచెంగా పోవడం అప్పలసూరి చూశాడు. చూడలేకపోయాడు. వంగి, కాళ్ళ దగ్గరున్న గులకరాయి తీసి నీళ్ళలో వేశాడు. బుడుంగుమంది.

గున్నమ్మ తల తిప్పింది. అతను ఇంకొకటి వేశాడు. కాస్త దూరంగా, మూడోది.

ఆవిడ గరిటె కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "చేపొస్తే రెండు చప్పుళ్ళొస్తాయి మావా. నోటిదొకటి, తిరిగి పోయినప్పుడు తోకదొకటి. ఇయి ఒక్కొక్కటే."

అప్పలసూరి చేతిలో నాలుగో రాయి ఉంది. దాన్ని అలాగే పట్టుకుని పక్కన కూర్చున్నాడు. మొత్తం చెప్పాడు. గ్లాసులో ఉడకని పొడి దగ్గర్నుంచి జామచెట్టు కింది గొయ్యి దాకా, ఒక్కటీ దాచలేదు.

"పెద్ద బొచ్చె?" అంది చివరికి.

"కనబడనేదు."

"ఆ పొడే ఎయ్యమని చెప్పినాను."

"చెప్పినావు. ఇనుకోనేదు."

తిడుతుందని చూశాడు. తిడితే బాగుండేది. ఆవిడ చెయ్యి చాచి అతని చెయ్యి వెతికి పట్టుకుంది. బొటనవేలితో అరచెయ్యి తడిమింది. పచ్చి పగుళ్ళు తగిలి ఆగింది. "కొబ్బరినూనె సీసా అలమర్లో ఉన్నాది. రాసుకో," అంది.

మర్నాడంతా గున్నమ్మ పెద్దగా మాట్లాడలేదు. అప్పలసూరి ఆగి ఆగి మోటారు వేశాడు, డ్రమ్ముల్లో నీళ్ళు మార్చాడు, సీసా పట్టుకుని రెండు పూటలా సురేంద్రనాథ్ ఇంటికి తిరిగాడు. రెండో రోజు సాయంత్రం గున్నమ్మ పళ్ళెం కొట్టింది. ఏమీ రాలేదు. తవుడు నీళ్ళ మీద తేలి, గట్టు పక్కకి చేరింది. ఆవిడ లేచి లోపలికి పోయింది, తడుముకుంటూ, అతని చెయ్యి అడక్కుండా. అతనికి అన్నం సయించలేదు. ముప్పై ఆరేళ్ళలో తను ఆవిడకు ఏమిచ్చాడని లెక్క వేసుకుంటే ఒక గొయ్యి తేలింది. అందులో కూడా సున్నమే పోశాడు.

మూడో రోజు పొద్దున్న సురేంద్రనాథ్ రెండు చుక్కలు వేస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉండిపోయాయి. రంగు లేదు. అప్పలసూరి జన్మలో మొదటిసారి ఆ మందు ఏ రంగూ చూపించనందుకు దణ్ణం పెట్టుకున్నాడు. డ్రమ్ముల్లోని ఇరవయ్యారింటినీ ఒక్కొక్కటిగా చెరువులో వదిలాడు. అవి అడుక్కి పోయాయి. మళ్ళీ కనబడలేదు.

మధ్యాహ్నం ఆసుపత్రిలో కట్టు విప్పారు. సాయంత్రం గున్నమ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మెట్టు మీదికి వచ్చింది. పెరడంతా ఒకసారి కలయజూసింది. గండి పూడ్చిన గట్టు, కొమ్మకు వేలాడుతున్న పైపు, జామచెట్టు కింద కొత్త మట్టి. నీళ్ళు ఇంకా మసకగానే ఉన్నాయి, లోపల ఏముందో తెలియదు. గోడ వారగా విప్పిన బస్తా అలాగే ఉంది. దాని మీద అప్పలసూరి ఒక చాప కప్పాడు, తడి తగలకుండా.

గున్నమ్మ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. అప్పలసూరి వచ్చి ఎప్పటిలా వెనక నిలబడలేదు. ఆవిడకు ఎదురుగా, రెండు మెట్లు కింద, పక్కకి తిరిగి కూర్చున్నాడు. కూర్చుని, నూనె రాసిన రెండు చేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టాడు, అరచేతులు ఆవిడకు కనబడేట్టు. గున్నమ్మ ఆ చేతుల వంక చూసింది. ఎందుకలా పెట్టాడో అడగలేదు.

మూడుసార్లు కొట్టింది. తవుడు చల్లింది. ఇద్దరూ కదల్లేదు. పక్కింట్లో కుక్కర్ కూసి ఆగింది. ఇంకోసారి మూడు దెబ్బలు కొట్టింది. అప్పలసూరి కళ్ళు మూసుకున్నాడు.

అవతలి మూల నేరేడు కొమ్మ కింద నీళ్ళు చప్పుడయ్యాయి. ఒకసారి.

గున్నమ్మ గరిటె గాలిలోనే ఆగింది. ఆవిడ అతని చేతులు చూస్తోంది. అవి అలాగే, వెల్లకిలా, ఖాళీగా ఉన్నాయి.

రెండో చప్పుడు వినబడింది.